పాత టీవీని వెనక్కి తీసుకోవలసింది ఎవరు?

చీకటి పడే వేళ ఊరి చివర గుజరీ అంగడి వెనుక నుంచి నల్లని పొగ లేస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. కాలుతున్నవి వైర్లని అందరికీ తెలుసు. పైన ఉన్న ప్లాస్టిక్ తొడుగు కాలిపోతే లోపలి రాగి చేతికి వస్తుంది. రాగికి ధర ఉంది. పొగకు ధర లేదు. అది గాలి వాటం ఎటుంటే అటు పోతుంది. దగ్గర్లో బడి ఉంటే బడిలోకి, వసారాలో ఉయ్యాల ఉంటే ఉయ్యాల మీదికి పోతుంది.

ఆ వైర్లు ఎక్కడివి? చెడిపోయిన టీవీలవి, మిక్సీలవి, పాత కంప్యూటర్లవి, సెల్ ఫోన్ చార్జర్లవి. ఆటోకు మైకు కట్టుకుని పల్లెల్లో తిరిగే పాత సామాన్ల వ్యాపారి వాటిని తూకం వేసి కొంటాడు. గడపలో అడ్డంగా ఉన్న సామాను పోయింది, చేతికి నాలుగు రూపాయలు వచ్చాయి అని ఇంటి ఇల్లాలు సంతోషిస్తుంది. ఇందులో ఆమె తప్పు లేదు. ఆ వ్యాపారి చేసిన నేరమూ లేదు. అతనిది రెక్కాడితే గాని డొక్కాడని బతుకు. అందరికంటే ముందు ఆ పొగ మింగేది కూడా అతనూ, అతని పిల్లలే.

మరి బాధ్యత ఎవరిది? టీవీ తయారు చేసి, దాని మీద తన పేరు వేసుకుని, లాభం తీసుకుని అమ్మిన కంపెనీది. ఇది ఎవరో ఆవేశంలో అన్న మాట కాదు. భారత ప్రభుత్వం గెజిట్‌లో అచ్చువేసిన చట్టం అంటున్న మాట. కాని ఆ చట్టం ఒకటున్నదని గ్రామాల్లో తెలిసినవారు ఎందరు? వస్తువు అమ్మేటప్పుడు ఊరూరా గోడల నిండా ప్రకటనలు రాయించే కంపెనీలు, దాన్ని వెనక్కి తీసుకుంటామన్న మాటను ఏ గోడ మీద రాయించాయి?

పాత టీవీలో ఏముందో ముందు తెలుసుకోవాలి. వెనుక డొప్పతో బరువుగా ఉండే రోజుల్లోని టీవీల గాజుబుడ్డిలో కిలోల కొద్దీ సీసం కలిసి ఉంటుంది. గాజు పగలగొట్టి మట్టిలో పారేస్తే ఆ సీసం కొద్దికొద్దిగా నేలలోకి దిగుతుంది. సర్క్యూట్ బోర్డుల మీద అతుకులకు వాడింది కూడా చాలాకాలం పాటు సీసం కలిసిన లోహమే. ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది. పాత ఫ్రిజ్‌ల గ్యాసు ఆకాశంలోని ఓజోన్ పొరను తినేసే రకం. వైరు మీది ప్లాస్టిక్‌ను బయట మంట పెట్టి కాల్చితే డయాక్సిన్లు అనే విషాలు పుడతాయి. సీసం పెద్దవాళ్ళకంటే పిల్లలకు ఎక్కువ చేటు. అది మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత మోతాదు వరకు ఫరవాలేదు అని చెప్పగలిగే హద్దు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతున్నది. పొలానికి మందు కొట్టేవాడికి ఏది విషమో డబ్బా మీద పుర్రెగుర్తు చూస్తే తెలుస్తుంది. పాత టీవీ మీద అలాంటి గుర్తు లేదు.

అసలు ఏ గుర్తూ లేదని కూడా అనడానికి లేదు. సెల్ ఫోన్ చార్జరు వెనుక, టీవీ పెట్టె మీద చక్రాలున్న చెత్తడబ్బా బొమ్మ, దాని మీద అడ్డంగా కొట్టివేత గీతలు కనిపిస్తాయి. దీన్ని మామూలు చెత్తలో వేయరాదని దాని అర్థం. ఎక్కడ వేయాలో మాత్రం ఆ బొమ్మ చెప్పదు!

ఈ చట్టానికి మూలం భోపాల్. 1984 డిసెంబరులో అక్కడి పురుగుమందుల కర్మాగారం నుంచి విషవాయువు వెలువడి వేలమంది చనిపోయిన తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. దాని కిందనే ఎలక్ట్రానిక్ వ్యర్థాలకు ప్రత్యేక నిబంధనలు 2011లో జారీ అయి 2012 మే 1 నుంచి అమలుకు వచ్చాయి. 2016లో వాటిని మార్చారు. మళ్ళీ 2022 నవంబరులో కొత్తవి జారీ చేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి నడుస్తున్నవి ఈ కొత్త నిబంధనలే. మొదట్లో ఇరవై రకాల వస్తువుల చుట్టూ తిరిగిన జాబితా ఇప్పుడు 106 రకాలకు పెరిగింది. సెల్ ఫోను, టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ మొదలుకుని మిక్సీ, ఇస్త్రీపెట్టె, పిల్లల ఎలక్ట్రిక్ ఆటబొమ్మ దాకా అందులో ఉన్నాయి.

నిబంధన చెప్పేది ఇది. వస్తువు మీద ఎవరి పేరు ఉంటే వారే ఉత్పత్తిదారు. వేరే ఎక్కడో తయారుచేయించి తన పేరు తగిలించుకున్నా సరే. విదేశం నుంచి దిగుమతి చేసుకుంటే ఆ దిగుమతిదారే ఉత్పత్తిదారు. వీరందరూ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. కొన్నేళ్ళ కిందట ఎన్ని టన్నుల సరుకు అమ్మారో దానిలో ఇంత శాతాన్ని ఈ ఏడాది రీసైక్లింగ్ చేయించాలి. ఒక వస్తువు ఆయుష్షు సుమారు అయిదేళ్ళు అనుకుంటే, అయిదేళ్ళ కిందట అమ్మిన సరుకే ఇప్పుడు చెత్తగా మారుతుందన్నది లెక్క. ఆ శాతం 2023-24లోను, 2024-25లోను 60. తర్వాతి రెండేళ్ళకు 70. 2027-28 నుంచి 80.

వినడానికి బాగుంది. అమ్మిన నూరు టీవీల్లో అరవయ్యో డెబ్బయ్యో వెనక్కి పోవాలన్నమాట. ఏ పల్లెలోనైనా అలా వెనక్కి పోయిన టీవీని చూసినవారున్నారా?

ఇక్కడే కిటుకు ఉంది. కంపెనీ తాను అమ్మిన టీవీని తానే వచ్చి తీసుకుపోనక్కరలేదు. ఎక్కడో ఒకచోట నమోదైన రీసైక్లింగ్ కర్మాగారం అంత బరువు వ్యర్థాలను కరిగించి బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము రాబట్టి లెక్క చూపితే దానికి సర్టిఫికెట్లు వస్తాయి. కంపెనీ ఆ సర్టిఫికెట్లు కొనుక్కుంటే దాని బాధ్యత తీరిపోయినట్లే. దేశం మొత్తానికి ఒకే ఖాతా. మహానగరాల్లో, పెద్ద ఆఫీసుల్లో దొరికే కంప్యూటర్లతోనే ఆ ఖాతా నిండిపోతే పత్తికొండ పల్లెల్లోని టీవీ కోసం ఎవరు వస్తారు? రవాణా ఖర్చు దండగ అనుకుంటారు. చట్టం దృష్టిలో కంపెనీ నిర్దోషి. గుజరీ అంగడి వెనుక పొగ మాత్రం లేస్తూనే ఉంటుంది.

సర్టిఫికెట్ల వ్యాపారంలో మోసం జరగదన్న భరోసా కూడా లేదు. ఇదే పద్ధతిలో నడిచే ప్లాస్టిక్ వ్యర్థాల విషయంలో 2023లో కేంద్ర మండలి తనిఖీ చేస్తే లక్షల సంఖ్యలో దొంగ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. ఎలక్ట్రానిక్ వ్యర్థాల సర్టిఫికెట్లకు ప్రభుత్వం కనీస ధర నిర్ణయించింది. రీసైక్లింగ్ చేసేవాడికి గిట్టుబాటు కావాలి గదా అన్నది దాని ఉద్దేశం. పంటకు మద్దతు ధర వంటిదే ఇది. దాన్ని సవాలు చేస్తూ 2025లో కొన్ని పేరున్న కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకు ఎక్కాయి. కోర్టుకు వెళ్ళే హక్కు ఎవరికైనా ఉంది. అయితే వేల రూపాయల టీవీ అమ్మి, దాని చెత్తకు కిలోకు ఇరవై పాతిక రూపాయలు కట్టడం భారమనడం ఎంతవరకు సబబో పాఠకులే ఆలోచించుకోవచ్చు.

పోయిన నిబంధనల్లో ఉండి కొత్తవాటిలో లేకుండా పోయిన సంగతి ఒకటుంది. 2016 నిబంధనల్లో డీలరు ప్రస్తావన ఉండేది. కంపెనీ ఆ పని అప్పగిస్తే అతను తన దుకాణంలో పాత వస్తువులు వేయడానికి పెట్టెనో, స్థలాన్నో ఏర్పాటు చేయాలి. అప్పుడూ ఆ పెట్టెలు పట్టణాల్లో పెద్దగా కనిపించలేదన్నది వేరే మాట. కనీసం అడగడానికి కాగితం మీద ఆధారం ఉండేది. 2022లో డీలరు పేరే తీసేశారు. నమోదు కావలసినవారు తయారీదారు, ఉత్పత్తిదారు, బాగుచేసి తిరిగి అమ్మేవాడు, రీసైక్లింగ్ చేసేవాడు. అంతే. పైగా చిన్న వ్యాపారాలకు, అంటే చట్టం భాషలో సూక్ష్మ పరిశ్రమలకు, ఈ నిబంధనలు వర్తించవు. బస్టాండు పక్కన సెల్ ఫోన్లు బాగుచేసుకుని బతికే కుర్రవాడిని వదిలేయడం న్యాయమే. కాని అతని దుకాణంలో రోజూ మిగిలే పాడైన బోర్డులు, పగిలిన తెరలు ఎటు పోవాలో ఎవరైనా చెప్పాలి గదా!

పెద్ద కంపెనీలే కాదు, పెద్ద వాడకందార్లు కూడా చట్టం పరిధిలోకి వస్తారు. ఏడాదిలో ఎప్పుడైనా సరే జాబితాలోని వస్తువులు వెయ్యికి తక్కువ కాకుండా వాడే ఏ సంస్థ అయినా తన పాత సామగ్రిని నమోదైన కంపెనీకో, బాగుచేసే సంస్థకో, రీసైక్లింగ్ కర్మాగారానికో మాత్రమే అప్పగించాలి. ఇంటర్నెట్ ద్వారా సరుకులు అమ్మే సంస్థలనూ ఇందులోనే చేర్చారు. నిబంధన మాట్లాడేది సంస్థ గురించి, బ్రాంచి గురించి కాదు. మండల కేంద్రంలోని బ్యాంకు బ్రాంచిలో పది కంప్యూటర్లే ఉండవచ్చు. బ్యాంకు మొత్తానికి లెక్క కడితే వేలు తేలుతాయి. పెద్ద ఆసుపత్రులు, కాలేజీల యాజమాన్యాలు, ఫైనాన్సు కంపెనీలు కూడా ఇదే లెక్కలోకి రావచ్చు. పాత కంప్యూటర్లను, ప్రింటర్లను వేలం వేయడం తప్పు కాదు. ఎవరికి వేలం వేస్తున్నారన్నదే ప్రశ్న. ఎక్కువ పాట పాడినవాడికి కొట్టేసి చేతులు దులుపుకుంటే అది నిబంధనల ఉల్లంఘనే. వేలం నోటీసులో "నమోదైన రీసైక్లింగ్ సంస్థలు మాత్రమే పాల్గొనాలి" అన్న ఒక్క వాక్యం ఉంటే చాలు. ప్రభుత్వ కార్యాలయాలు ఈ విషయంలో ముందు తమ ఇల్లు చక్కబెట్టుకోవాలి.

ప్రభుత్వం పంచిన సామగ్రి సంగతి కూడా ఇక్కడ అడగాలి. 2022 డిసెంబరులో రాష్ట్రంలోని 8వ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చారు. ఆనాటి పిల్లలు ఇప్పుడు కాలేజీ చదువుల్లో ఉన్నారు. ఆ ట్యాబ్‌లలో తెర పగిలినవి, బ్యాటరీ ఉబ్బినవి ఎన్నో అటకలెక్కి ఉంటాయి. కోట్ల రూపాయల సరుకు ఒక్క ఆర్డరుతో కొన్నప్పుడు, పాడైన తర్వాత వెనక్కి తీసుకునే షరతును కూడా కాగితంలో రాయించుకోవడం ఏ ప్రభుత్వానికైనా కష్టమైన పని కాదు. ఇకముందు టెండర్లలోనైనా ఆ షరతు ఉండాలి.

చట్టం తలచుకుంటే వస్తువు వెనక్కి పోతుందనడానికి రుజువు ఊళ్ళలోనే ఉంది. ట్రాక్టరు బ్యాటరీని ఎవరూ చెత్తకుప్పలో వేయరు. పాతది ఇస్తే కొత్తదాని ధరలో తగ్గిస్తారని రైతుకు తెలుసు. సీసానికి విలువ ఉండడం ఒక కారణం. అమ్మిన డీలరే పాత బ్యాటరీని తీసుకోవాలని 2001లోనే నిబంధన పెట్టడం రెండో కారణం. ఇప్పుడు బ్యాటరీలకు 2022లో వేరే నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం కూడా బాధ్యత కంపెనీదే. ఆ బ్యాటరీలన్నీ సవ్యమైన చోటికే చేరుతున్నాయని కాదు. పెరట్లో సీసం కరిగించే కొలుములు దేశంలో ఇంకా ఉన్నాయి. అయినా దుకాణం గడప దాకా వెనక్కి రావడమన్నది బ్యాటరీ విషయంలో అలవాటైంది. టీవీకి, ఫోనుకు ఆ అలవాటు ఎందుకు కాకూడదు?

పండుగల ముందు దుకాణాలవాళ్ళు ఎక్స్ఛేంజి బోర్డులు కడతారు. పాత టీవీ తెండి, కొత్త టీవీ పట్టుకుపొండి అంటారు. మంచిదే. ఆ పాత టీవీ దుకాణం వెనుక గదిలోకి పోయి, అక్కడి నుంచి ఎటు పోతున్నది? చాలాసార్లు అదీ గుజరీకే చేరితే కొనుగోలుదారు ఊరి దారి తప్పించి బజారు దారిన పంపినట్లే అయింది. కంపెనీ పేరుతో ఎక్స్ఛేంజి నడిపితే ఆ సరుకు నమోదైన సంస్థకు చేరిందన్న రసీదు కూడా కంపెనీయే చూపాలి. కొనేవారు ఆ మాట ఒకటి అడిగితే నష్టం లేదు.

సోలారు పలకల సంగతి రేపటిది. అయినా ఈ జిల్లావాసులు ఇప్పుడే చెవిన వేసుకోవడం మంచిది. ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో గని, శకునాల గ్రామాల భూముల్లో 2017లో 1000 మెగావాట్ల సోలారు పార్కు వెలిసింది. ఒక పలక ఆయుష్షు పాతికేళ్ళు అంటారు. వడగళ్ళకు పగిలినవి, మధ్యలో పాడైనవి ముందే వస్తాయి. వీటికి 2022 నిబంధనల్లో ప్రత్యేక అధ్యాయం ఉంది. తయారీదారులు, ఉత్పత్తిదారులు 2034-35 వరకు పాడైన పలకలను భద్రంగా నిలవచేయాలి, ఏటా లెక్క చూపాలి. ఆ తర్వాత ఏమిటన్నది తేలవలసే ఉంది. వేల ఎకరాల్లో పరిచిన పలకలు ఒక్కసారిగా ముసలివైతే ఆ గ్రామాల పరిస్థితి ఏమిటో 2040లో కాదు, ఇప్పుడే అడగాలి. నిలవ ఎక్కడ చేస్తున్నారో, ఎన్ని చేశారో గ్రామసభలో చెప్పమనడం అత్యాశ కాదు.

నిబంధన తప్పినవాడికి శిక్ష ఏమిటి? కాలుష్యానికి పరిహారం కట్టాలి. కట్టినంత మాత్రాన అసలు బాధ్యత పోదు, మిగిలిన మూడేళ్ళలోపు తీర్చాల్సిందే. ఇది బాగుంది. బాగులేనిది మరొకటి. 1986 చట్టం 15వ సెక్షన్ కింద ఇదివరకు అయిదేళ్ళ దాకా జైలు ఉండేది. 2023లో పార్లమెంటు దాన్ని మార్చింది. 2024 ఏప్రిల్ 1 నుంచి జైలు పోయి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానా మిగిలింది. జైలు ఉన్న రోజుల్లో ఎందరు వెళ్ళారని అడగవచ్చు. నిజమే. అయినా కోట్ల వ్యాపారం చేసే కంపెనీకి 15 లక్షలు ఒక రోజు ప్రకటనల ఖర్చు కూడా కాదు.

చెత్త లెక్క కూడా చిన్నదేమీ కాదు. 2022లో ప్రపంచం మొత్తం మీద 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడితే, అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైక్లింగ్ చేసినట్లు లెక్కకు వచ్చింది నూటికి 22 పాళ్ళే. ఢిల్లీలోని సీలంపూర్ గల్లీల్లో పిల్లలు కూడా బోర్డులు ఊడదీస్తూ కనిపిస్తారని ఎన్నో ఏళ్ళుగా పత్రికలు రాస్తున్నాయి. చిన్న ఊళ్ళలోని పొగ గురించి రాసేవారు తక్కువ.

పంచాయతీలకూ ఇందులో పని ఉంది. ఇళ్ళ చెత్తలో ఎలక్ట్రానిక్ వస్తువులు కలిసి వస్తే వాటిని వేరుచేసి నమోదైన సంస్థలకు చేర్చవలసిన పని స్థానిక సంస్థలదని అవే నిబంధనలు అంటున్నాయి. ఏ కంపెనీదో తెలియని అనాథ వస్తువులు కూడా వారి లెక్కలోకే వస్తాయి. పంచాయతీ దగ్గర డబ్బేదీ అని సర్పంచులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కాని గ్రామాల్లో చెత్త నుంచి సంపద కేంద్రాల పేరుతో కట్టిన షెడ్లు ఉన్నాయి. వాటిలో ఒక మూలన తాళం వేసిన గది కేటాయించడానికి పెద్ద ఖర్చు కాదు. ఊళ్ళోని టీవీలు, ఫోన్లు, ట్యూబ్‌లైట్లు అక్కడ చేర్చితే, మూడు నెలలకోసారి మండలానికి ఒక లారీ పంపడం కంపెనీల పని. లారీ కిరాయి పంచాయతీ నెత్తిన పడకూడదు.

గుజరీ వ్యాపారులను తరిమికొట్టడం మార్గం కాదు. ఊరూరా తిరిగి సరుకు సేకరించే నేర్పు వారికి ఉన్నంతగా ఏ కంపెనీకీ లేదు. ఊడదీసే పనివారిని గుర్తించి నమోదు చేయాలని, వారికి శిక్షణ ఇవ్వాలని, వారి ఆరోగ్యం కాపాడాలని, పారిశ్రామిక వాడల్లో ఈ పనికి షెడ్లకు స్థలం చూపాలని నిబంధనలు రాష్ట్ర ప్రభుత్వానికి పని అప్పగించాయి. సేకరణ వారికి వదిలి, కాల్చడం మాన్పించి, వారి సరుకును కర్మాగారం మంచి ధరకు కొనేలా చేస్తే పొగ దానంతటదే ఆగుతుంది. రాగి కోసం వైరు కాల్చేవాడు కాల్చకుండానే అదే డబ్బు వస్తుందంటే ఎందుకు కాలుస్తాడు?

ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు. జిల్లా కలెక్టరు ఒక రోజు కేటాయించి, కర్నూలులో టీవీ, ఫ్రిజ్, ఫోన్ కంపెనీల ప్రతినిధులను, పెద్ద డీలర్లను, బ్యాంకుల అధికారులను, కాలుష్య నియంత్రణ మండలి ఇంజినీర్లను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టాలి. ఏ కంపెనీ పాత సరుకును ఏ పట్టణంలో, ఏ దుకాణంలో, ఏ రోజున తీసుకుంటుందో అక్కడే రాయించి, ఆ జాబితాను ప్రతి పంచాయతీ నోటీసు బోర్డు మీద తెలుగులో అంటించాలి. గుజరీ వ్యాపారుల తరఫున ఇద్దరిని కూడా ఆ బల్ల దగ్గరికి పిలవాలి. దసరా ఎక్స్ఛేంజి బోర్డులు లేచేలోగా ఈ సమావేశం జరగాలి.